పసిబిడ్డల మెడపూసల గాయములు: సంరక్షణ, కట్టు, శస్త్రచికిత్స

భిలాయి ఉక్కు కర్మాగారమును నెలకొల్పుటకు 1955వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన భారతదేశమునకును సోవియట్ యూనియనుకును ఒప్పందము కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదుగారు అచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. పని వెదకుకొనుచు దేశము నలుమూలల నుండి వచ్చినవారితోపాటు తెలుగు కుటుంబములనేకము ఈ పట్టణమున స్థిరపడినవి. 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడగా భిలాయి ఆ రాష్ట్రములో చేరినది. నేడు ఆ తొలి కార్మికుల మనుమలు, మునిమనుమలు సెక్టార్ల వీధులలో ఆడుకొనుచున్నారు.

కర్మాగారములో బరువు నెత్తువారికి ఒక నియమము కలదు. క్రేను కదలుటకు ముందు గొలుసును పరీక్షింతురు. గొలుసు సన్ననిదై బరువు పెద్దదైనచో ఎత్తరు. లోనికి పోవు ప్రతి మనిషి తలపై శిరస్త్రాణము ఉండవలెను. ఈ నియమములను తప్పక పాటించు తండ్రియే సాయంకాలము రెండేండ్ల బిడ్డను స్కూటరు ముందు నిలువబెట్టుకొని బజారునకు తీసికొనిపోవుట కలదు. ఆ బిడ్డ తల పెద్ద బరువు. మెడ సన్నని గొలుసు. ఇది ఆ తండ్రికి తెలిసిన లెక్కయే. ఇంటివద్ద దానిని మరచుచున్నాడు.

పసిబిడ్డల మెడపూసలకు గాయమగుట అరుదు. అరుదైనందుననే అది గుర్తింపబడక పోవుచుండును. గుర్తింపక బిడ్డను కుదిపి ఎత్తినచో, నయము కాదగిన గాయము ప్రాణాపాయమో, పక్షవాతమో కావచ్చును. అట్టి గాయము తగిలిన బిడ్డను ఎట్లు కాపాడవలెనో, ఏ బిడ్డకు కట్టు చాలునో, ఏ బిడ్డకు శస్త్రచికిత్స అవసరమో ఈ చిన్న పుస్తకము వివరించును.

బిడ్డ మెడ నిర్మాణము

మెడలో ఏడు పూసలు కలవు. వాని నడుమనున్న గొట్టములో వెన్నుపాము మెదడునుండి క్రిందికి దిగును. కాలుచేతుల కదలికకు, స్పర్శకు, ఊపిరికి కావలసిన ఆజ్ఞలన్నియు ఈ త్రాటి గుండనే పోవును. మొదటి పూస ఉంగరమువలె ఉండి తలను మోయును. రెండవ పూస నుండి పంటివంటి ఎముక మొలక ఒకటి పైకి లేచి ఆ ఉంగరములో నిలుచును. దీనిని పంటిమొన అందము. తల కుడి యెడమలకు తిరుగుటలో సుమారు సగము ఈ రెండు పూసల నడుమనే జరుగును. పంటిమొన వెనుకకు జారి వెన్నుపామును నొక్కకుండ ఒక గట్టి అడ్డపట్టె దానిని ముందునకు అదిమి పట్టియుండును. ఎముకను ఎముకతో కలిపి కట్టు ఇట్టి నారపట్టెలకు సంధిబంధనములని పేరు.

పసిబిడ్డ మెడ, పెద్దవాని మెడను చిన్నదిగా చేసినది కాదు. పుట్టిననాటి శిశువు పొడవులో నాల్గవ వంతు తలయే. పెద్దవానిలో అది ఎనిమిదవ వంతు మాత్రమే. ఇంత పెద్ద తలను మోయు మెడ కండరములు ఇంకను బలపడలేదు. సంధిబంధనములు వదులుగా సాగును. పూసల కీళ్లు పెద్దవారిలో వలె ఏటవాలుగా గాక బల్లపరుపుగా ఉండుటచే ఒక పూసపై నుండి మరియొక పూస సులభముగా ముందునకు జారును. పూసలలో కొంత భాగము ఇంకను మృదులాస్థియే, అనగా ఎముకగా గట్టిపడని లేత పదార్థము. పంటిమొన రెండవ పూసతో కలియు చోట ఇట్టి మృదులాస్థి పొర ఒకటి కలదు. అది సాధారణముగా మూడు నుండి ఆరేండ్ల నడుమ, కొందరిలో మరి కొంత ఆలస్యముగా, ఎముకగా మారును. అంతవరకు ఆ పొర బలహీన స్థానమే.

కావుననే పెద్దవారిలో మెడ గాయము తరచుగా క్రింది పూసలకు తగులగా, పసిబిడ్డలలో తలకు సమీపమైన పై పూసలకు తగులును. తల ముందువెనుకలకు ఊగునపుడు పెద్దవారి మెడ ఐదవ, ఆరవ పూసల యొద్ద వంగును. శిశువు మెడ రెండవ, మూడవ పూసల యొద్దనే వంగును. ఎనిమిది, పదేండ్లు వచ్చునప్పటికి బిడ్డ మెడ పెద్దవారి మెడ పోలికకు వచ్చును.

మరియొక విశేషమును 1960లో లెవెంథాల్ అను వైద్యుడు ప్రకటించెను. శిశువు వెన్నుపూసల దండ తెగకుండ రెండు అంగుళముల వరకు సాగగలదు. లోపలి వెన్నుపాము మాత్రము పావు అంగుళమునకు మించి సాగినచో తెగును. పూసలు చెక్కు చెదరక, లోపలి త్రాడు మాత్రము దెబ్బతినుటకు ఇదియే కారణము.

గాయము తగులు విధములు

వాహన ప్రమాదములు వీనిలో ముఖ్యమైనవి. వేగముగా పోవుచున్న బండి ఒక్కసారి ఆగినపుడు బిడ్డ శరీరము నిలిచినను తల ముందునకు విసరబడును. మేడమీది నుండి, మెట్లమీది నుండి, మంచముమీది నుండి పడుట రెండవ కారణము. వేసవి రాత్రులలో పిట్టగోడ లేని డాబాలపై పండుకొను ఇండ్లలో ఈ భయము హెచ్చు.

మూడవ కారణమును చెప్పుట కష్టమైనను చెప్పక తప్పదు. ఏడ్పు మానని శిశువును కోపముతో పట్టి కుదుపుట వలన మెదడునకు, మెడకు తీవ్రమైన గాయము కలుగును. శిశువును ఎట్టి పరిస్థితిలోను కుదుపరాదు. బిడ్డను పైకెగురవేసి పట్టుకొను ఆట ముద్దుగా కనబడినను మంచిది కాదు.

డౌన్ సిండ్రోము కలిగి పుట్టిన బిడ్డలలో పై రెండు పూసల బంధనములు వదులుగా ఉండుట కలదు. అట్టి బిడ్డలకు చిన్న దెబ్బ తగిలినను వైద్యునకు చూపవలెను. దొర్లుట, తలక్రిందుగా నిలుచుట వంటి ఆటలు నేర్పుటకు ముందు వైద్యుని అడుగవలెను.

గుర్తింపవలసిన లక్షణములు

మాటలు రాని బిడ్డ "నాకు మెడ నొప్పి" అని చెప్పలేదు. ఆ మాటను దాని ప్రవర్తనలో చదువవలెను. దెబ్బ తగిలిన పిదప బిడ్డ మెడను బిగపట్టి ఉంచుట, ఒక ప్రక్కకు వంచియే ఉంచుట, పిలిచినపుడు తల త్రిప్పక మొత్తము శరీరమును త్రిప్పుట, లేచి కూర్చుండబోవునపుడు రెండు చేతులతో తలను పట్టుకొనుట, కూర్చుండబెట్టగనే ఏడ్చి పండుకొనబెట్టగనే ఊరుకొనుట — ఇవన్నియు మెడపూసల గాయమునకు గుర్తులు. పంటిమొన విరిగిన బిడ్డ కొన్నిసార్లు కాలుచేతులను చక్కగనే కదలించును. మొదటి పూస ఉంగరములో మూడవ వంతు పంటిమొనయు, మూడవ వంతు వెన్నుపామును, మూడవ వంతు ఖాళీ స్థలమును ఉండుటచే కొంత జారినను పాము నలగకపోవచ్చును. ఆ ఖాళీ స్థలమే బిడ్డను కాపాడుచున్నది. ఒక్క కుదుపుతో అది తరిగిపోవచ్చును. కాలుచేతులు ఆడుచున్నవి గదా అని నిర్లక్ష్యము చేయరాదు.

చేయిగాని, కాలుగాని నీరసముగా వ్రేలాడుట, తిమ్మిరి, గిల్లినను కదలకపోవుట, పొట్ట మాత్రమే కదలుచు ఊపిరి తీయుట, మూత్రము ఆగుట మరింత తీవ్రమైన చిహ్నములు. తలకు పెద్ద దెబ్బ తగిలి స్పృహ లేని ప్రతి బిడ్డకును, కాదని తేలువరకు, మెడకు గాయమున్నదనియే భావింపవలెను.

1982లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగర వైద్యులు పాంగ్, విల్బర్గర్ అనువారు ఒక ముఖ్యవిషయమును తెలిపిరి. ఎక్స్‌రేలో ఏ దోషము కానరాని కొందరు బిడ్డలలో వెన్నుపాము దెబ్బతిని యుండెను. వారిలో కొందరికి మొదట కొద్దిపాటి తిమ్మిరి మాత్రమే కలిగి, పక్షవాతము కొన్ని గంటలకో, నాలుగు దినముల లోపలనో వచ్చెను. కావున దెబ్బ తగిలిన వెంటనే వచ్చి పోయిన తిమ్మిరిని, నీరసమును కూడ వైద్యునకు చెప్పవలెను.

మొదటి గంటలో చేయవలసినది, చేయరానిది

పడిన బిడ్డను పరుగున వచ్చి ఎత్తి భుజముపై వేసికొనుట తల్లిదండ్రులకు సహజము. పెద్ద ఎత్తునుండి పడినపుడు, బండి ప్రమాదమందు మాత్రము ఒక క్షణము ఆగవలెను. నిప్పు, నీరు, వచ్చిపోవు బండ్లు వంటి అపాయము లేనిచో బిడ్డను పడినచోటనే ఉంచి 108 సంఖ్యకు ఫోను చేయవలెను.

మొదట చూడవలసినది ఊపిరి. ఊపిరి ఆడనిచో తలను వెనుకకు వంచక, క్రింది దవడ రెండు మూలలను వ్రేళ్లతో ముందునకు ఎత్తవలెను. అంతటితో ఊపిరి ఆడనిచో తలను కొంచెము వంచియైనను దారి తెరచి, నోటితో ఊపిరి ఊదవలెను. మెడకంటె ఊపిరి ముందు. వాంతి అగుచున్నచో ఇద్దరు ముగ్గురు చేరి తల, మెడ, మొండెము ఒక్క దుంగవలె కదలునట్లు బిడ్డను ప్రక్కకు త్రిప్పవలెను.

ఒకరు బిడ్డ తలకు ఇరుప్రక్కల చేతులుంచి కదలకుండ నిలుపవలెను. బిడ్డ పెనుగులాడినచో బలవంతముగా అదుమరాదు. పెనుగులాటయే మెడను త్రిప్పును. తల్లి బిడ్డకు కనబడునట్లు కూర్చుండి మెల్లగా మాటలాడుట అన్నిటికంటె మేలైన పట్టీ. మెడ వంకరగా ఉన్నచో దానిని సరిచేయబోరాదు. నీరు, పాలు త్రాగింపరాదు. త్వరలో మత్తు ఇయ్యవలసి రావచ్చును.

బల్లపై పండుకొనబెట్టుటలో ఒక మెళకువ కలదు. పసిబిడ్డ తల వెనుకభాగము ఉబ్బెత్తుగా ఉండుటచే చదునైన బల్లపై పండుకొనబెట్టినచో గడ్డము రొమ్మునకు ఆని మెడ ముందునకు వంగును. 1989లో హెర్జెన్‌బర్గ్ మొదలగు వైద్యులు ఈ దోషమును ఎత్తిచూపిరి. అందుచే తలక్రింద దిండు పెట్టరాదు. భుజములనుండి తుంటివరకు మొండెము క్రింద మడత దుప్పటి పరచి, చెవి రంధ్రము భుజముతో సమరేఖలో ఉండునట్లు చూడవలెను.

మెడ పట్టినదని నూనె రాయించి త్రిప్పించుట, తలను పట్టి లాగించుట మన యిండ్లలో కలదు. దెబ్బ తగిలిన బిడ్డకు ఇది మిక్కిలి ప్రమాదము. తలకును మొదటి పూసకును నడుమ బంధనములు తెగిన బిడ్డ తలను లాగినచో ప్రాణము పోవచ్చును. ప్రాచీనుడగు సుశ్రుతుడు తన గ్రంథమందు మెడ గాయమునకు బద్దలు కట్టి, గుడ్డపట్టెలు చుట్టి, రోగిని ఏడు రాత్రులు వెల్లకిల పండుకొనబెట్టవలెనని విధించెను. కదలకుండ ఉంచుటయే వైద్యమని ఆ కాలముననే తెలిసికొనిరి. ఆయన చెప్పిన సరిచేయు పద్ధతి గుడ్డిగా అనుకరింపదగినది కాదు. ఏ పూస ఎటు జారినదో లోపలి చిత్రములు చూచినపిమ్మటనే వైద్యుడు చేయదగిన పని అది.

ఆసుపత్రిలో పరీక్షలు

భిలాయిలో ఉక్కు కర్మాగారమునకు చెందిన జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పరిశోధన కేంద్రము 9వ సెక్టారున ఉన్నది. సుమారు 30 కిలోమీటర్ల దూరమున రాయపూరులో 1963లో స్థాపింపబడిన వైద్య కళాశాలయు, 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ సంస్థయు ఉన్నవి. దూరపు పెద్ద ఆసుపత్రికి సొంత బండిలో పరుగెత్తుట కంటె, ముందు సమీపమున నున్న ఆసుపత్రికి చేరి, ఊపిరిని, రక్తప్రసరణమును, మెడను భద్రపరచుకొని, వైద్యులు పంపినచో అంబులెన్సులో పోవుట మంచిది. మెడ నిలిపిన బిడ్డకు ఒక గంట ఆలస్యమును తట్టుకొను అవకాశము కలదు. మెడ నిలుపని బిడ్డకు ఒక గుంట చాలును.

ఆసుపత్రిలో మొదట ఎక్స్‌రే తీయుదురు. బిడ్డ ఎక్స్‌రేను చదువుట తేలిక కాదు. లేత పూసలలోని మృదులాస్థి పొరలు విరిగిన గీతలవలె కనబడును. ఆరోగ్యవంతులైన బిడ్డలలో కూడ రెండవ పూస మూడవ పూసపై జారినట్లు అగపడుట కలదు. 1965లో కాటెల్, ఫిల్ట్జర్ అను వైద్యులు గాయము లేని 160 మంది పిల్లల మెడలను ఎక్స్‌రే తీసి ఈ సంగతిని స్థిరపరచిరి. నిజముగా జారినదో, జారినట్లు కనబడుచున్నదో తెలిసికొనుటకు 1977లో స్విషుక్ అను వైద్యుడు పూసల వెనుక కమానుల ముందు అంచుల వెంట గీయవలసిన ఒక రేఖను సూచించెను. ఈ జ్ఞానము లేనిచో గాయము లేని బిడ్డకు చికిత్స చేయుటయు, గాయమున్న బిడ్డను ఇంటికి పంపుటయు రెండును సంభవించును.

సందేహమున్నచో సి.టి. స్కాను ఎముకను చూపును, ఎం.ఆర్.ఐ. వెన్నుపామును, సంధిబంధనములను చూపును. సి.టి.లో కిరణములు ఎక్కువగుటచే అవసరమైనంత మేరకే తీయుదురు. ఎం.ఆర్.ఐ. తీయుటకు పసిబిడ్డను మందుతో నిద్రపుచ్చవలసి వచ్చును.

గాయము ఎట్లు తగిలినదని వైద్యులు మరల మరల అడుగుదురు. అది నింద కాదు. ఎంత ఎత్తునుండి, ఏ ప్రక్కకు పడినది అను వివరమును బట్టి ఏ బంధనము తెగియుండునో వారు ఊహింతురు. కావున ఉన్నదున్నట్లు చెప్పవలెను.

ఎముక విరిగినదా, బంధనము తెగినదా?

చికిత్స అంతయు ఈ ఒక్క ప్రశ్నపై ఆధారపడియున్నది. విరిగిన లేత ఎముక, చీలిన మృదులాస్థి పొర, సరియైన స్థానమున కదలకుండ ఉంచినచో అతుకును. పసిబిడ్డలలో ఈ శక్తి పెద్దవారికంటె ఎక్కువ. తెగిన సంధిబంధనము మాత్రము మునుపటి బిగువుతో అతుకుట అరుదు. కట్టు విప్పిన తరువాత కూడ ఆ కీలు ఊగులాడుచుండును. ఊగిన ప్రతిసారి వెన్నుపామును నలిపెదనని బెదరించును. అందుచే మొత్తముమీద ఎముక గాయమునకు కట్టు, బంధన గాయమునకు శస్త్రచికిత్స అని చెప్పవచ్చును.

పంటిమొన మృదులాస్థి పొరవద్ద విరిగిన రెండు మూడేండ్ల బిడ్డ మొదటి తరగతికి చెందును. వైద్యులు బిడ్డను మందుతో నిద్రపుచ్చి, ఎక్స్‌రే చూచుచు మెడను మెల్లగా వెనుకకు చేర్చి మొనను స్వస్థానమునకు తెచ్చి కట్టు వేయుదురు. సుమారు మూడు నెలలలో చాలమందికి ఎముక అతుకును. కత్తి అవసరమే రాదు.

కట్టు రెండు విధములు. గడ్డము, తల, రొమ్ము కలిపి వేయు దానికి మినర్వా కట్టు అని పేరు. రెండవది హేలో వలయము. దీనిని 1959లో అమెరికాలో పెర్రీ, నికెల్ అను వైద్యులు పోలియోచే మెడ కండరములు పడిపోయినవారి కొరకు వర్ణించిరి. తల చుట్టు ఒక వలయమును చిన్న మరమేకులతో కపాలమునకు బిగించి, దానిని రొమ్ముపట్టీకి కడ్డీలతో కలుపుదురు. పెద్దవారికి నాలుగు మేకులను గట్టిగా బిగించుట చాలును. రెండేండ్ల లోపు బిడ్డ కపాలము పలుచన. అట్లు బిగించినచో మేకు లోనికి దిగును. అందుచే ఎనిమిది, పది మేకులను చాల తక్కువ బిగువుతో అమర్చి భారమును పంచుదురు. మేకుల యొద్ద ఎర్రదనము, చీము, వదులు కనబడినచో వెంటనే వైద్యునకు చూపవలెను.

శస్త్రచికిత్స ఎప్పుడు, ఎట్లు?

తలకును మొదటి పూసకును నడుమ బంధనములు తెగినపుడు, పంటిమొనను పట్టియుంచు అడ్డపట్టె తెగి పై రెండు పూసలు ఊగులాడునపుడు, జారిన పూస బయటినుండి సరికానపుడు, వెన్నుపాముపై ఒత్తిడి ఉండి నీరసము పెరుగుచున్నపుడు, కట్టు వేసినను ఎముక అతుకనపుడు శస్త్రచికిత్స చేయుదురు.

ఈ శస్త్రచికిత్స ఉద్దేశము రెండు ముక్కలలో చెప్పవచ్చును: వెన్నుపాముపై ఒత్తిడి తీసివేయుట, ఊగు పూసలను ఒక్కటిగా చేయుట. ఇదివరకే నలిగి చెడిన వెన్నుపామును ఏ శస్త్రచికిత్సయు క్రొత్తదిగా చేయజాలదు. మిగిలినదానిని కాపాడి, కోలుకొనుటకు అవకాశము కల్పించును. ఈ సత్యమును తల్లిదండ్రులు ముందే ఎరిగియుండుట మేలు.

మత్తు ఇచ్చుటయే ఇందు మొదటి కఠినమైన పని. మెడ వంచకుండ, సన్నని దూరదర్శిని గొట్టము సాయముతోనో, మరియొక తగిన పద్ధతితోనో శ్వాసనాళమున గొట్టము అమర్తురు. తరువాత బిడ్డను ఒక్క దుంగవలె బోరగిల త్రిప్పుదురు. నరముల ఆజ్ఞలు సక్రమముగా పోవుచున్నవో లేదో యంత్రముతో ఎడతెగక గమనింతురు. మెడ వెనుక నడిమిగీత వెంట కోసి, కావలసిన పూసలను మాత్రమే బయటపెట్టుదురు. పసిబిడ్డల ఎముకకు అతుకు శక్తి ఎంతటిదనగా, అనవసరముగా ఒక పూసను బయటపెట్టినను అది కూడ ప్రక్క పూసతో కలిసిపోవచ్చును. తక్కువ పూసలను తాకుట ఇచ్చటి నేర్పు.

పూసలను పట్టి ఉంచుటకు పద్ధతులు కాలక్రమమున పెరిగినవి. 1939లో కెనడా వైద్యుడు గాలీ పై రెండు పూసలను తీగతో కట్టి, నడుమ ఎముక ముక్కను ఉంచు పద్ధతిని తెలిపెను. 1978లో బ్రూక్స్, జెన్కిన్స్ అనువారు దానిని మార్చి మెరుగుపరచిరి. 1994లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి శస్త్రవైద్యుడు అతుల్ గోయెల్, సహచరుడు లాహెరితో కూడి, మొదటి రెండు పూసలను ప్రక్కలనుండి పలకలు, మరమేకులతో బిగించు పద్ధతిని ప్రకటించెను. 2001లో జర్మనీ వైద్యుడు హార్మ్స్, మెల్చెర్‌తో కలిసి పలకలకు బదులు కడ్డీలతో దీని రూపాంతరమును వర్ణించెను. నేడు ప్రపంచమందనేక దేశములలో ఈ మార్గమునే అనుసరించుచున్నారు.

పసిబిడ్డలో మరమేకు పట్టునంత ఎముక ఉన్నదా అనునది వేరు ప్రశ్న. మెదడునకు రక్తము కొనిపోవు ధమని ఈ పూసల ప్రక్కగానే పైకి పోవును. కావున ముందుగా సి.టి. స్కానులో ఎముక వెడల్పును మిల్లీమీటర్లలో కొలుతురు. చోటున్నచో మరమేకు, లేనిచో తీగయో, గట్టి దారమో వాడుదురు. బిడ్డ వయస్సును గాక, బిడ్డ ఎముకను బట్టి పద్ధతి నిర్ణయింతురు.

లోహము పూసలను కలుపదు. కలియువరకు పట్టి ఉంచును, అంతే. అసలు కలుపునది ఎముకయే. అందులకై బిడ్డ పక్కటెముక నుండి గాని, తుంటి ఎముక అంచు నుండి గాని చిన్న తునుకను తీసి పూసలపై నాటుదురు. దీనికి అస్థిరోపణమని పేరు. నాటిన తునుక క్రమముగా పూసలతో కలిసి ఏకమగును. తీసిన చోట పక్కటెముక మరల పెరుగుట పసివారిలో సాధారణము.

శస్త్రచికిత్స తరువాత

ఎముక అతుకువరకు, అనగా సుమారు మూడు నెలలు, బయట మెడపట్టీగాని, మినర్వా కట్టుగాని, హేలోగాని ఉంచుదురు. ఈ కాలమున భారమంతయు తల్లిపై పడును. పట్టీ క్రింద చర్మము ఒరయకుండ, తడి నిలువకుండ చూచుట, కట్టును ఎవరును సడలింపకుండ కాచుట, ముద్ద గొంతున అడ్డపడకుండ చిన్న ముద్దలుగా పెట్టుట, కడ్డీలు పట్టి బిడ్డను ఎత్తకుండుట నేర్చుకొనవలెను. కాలుచేతులకు నీరసమున్నచో వ్యాయామ చికిత్సను ఆలసింపక మొదలిడవలెను.

శస్త్రచికిత్సకు మూల్యము లేకపోలేదు. మొదటి రెండు పూసలను కలిపినచో తల త్రిప్పు శక్తిలో సుమారు సగము తగ్గును. బిడ్డ క్రింది పూసలతో కొంత సర్దుకొనును. పెరుగుచున్న మెడ వంకర పోవుచున్నదో, కలిపిన చోటికి క్రింది కీలు అరుగుచున్నదో చూచుటకు ఎదుగుదల ముగియువరకు అప్పుడప్పుడు పరీక్ష చేయింపవలెను. ఊరు మారినను స్కాను చిత్రములు, శస్త్రచికిత్స వివరముల కాగితములు భద్రపరచుకొనవలెను. ఉద్యోగ విరమణానంతరము భిలాయి నుండి స్వగ్రామమునకు పోవు కుటుంబములకు ఇది ముఖ్యము. క్రొత్త వైద్యునకు ఆ కాగితములే చరిత్ర. వ్యయ విషయమున కర్మాగారపు వైద్య సౌకర్యము లేని అర్హ కుటుంబములు, 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమును గూర్చి ఆసుపత్రిలోనే విచారింపవలెను.

నివారణ

ద్విచక్ర వాహనముపై బిడ్డను ముందు నిలువబెట్టుట మానవలెను. 2022 ఫిబ్రవరిలో వెలువడి, మరుసటి సంవత్సరము అమలునకు వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారము, తొమ్మిది నెలల నుండి నాలుగేండ్ల వరకు బిడ్డకు సరిపోవు శిరస్త్రాణము, నడపువానితో కలిపి కట్టు భద్రతాపట్టీ ఉండవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. అంతకంటె చిన్న శిశువును ఆ బండిపై తీసికొనిపోకుండుటయే ఉత్తమము. కారులో బిడ్డను ఒడిలో గాక వెనుకసీటులో, ప్రత్యేకమైన బాల ఆసనమందు, ముఖము వెనుకవైపునకు ఉండునట్లు కట్టవలెను. బండి ఒక్కసారి ఆగినపుడు తలకు, వీపునకు ఆసనమే ఆనిక అగును. మెడ ఒంటరిగా ఆ బరువును మోయనక్కరలేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము పదునాలుగేండ్ల లోపు బాలలను కారులో పట్టీ లేకుండ కూర్చుండబెట్టిన వారికి వేయి రూపాయల జరిమానా విధించుచున్నది.

ఇంటిలో మెట్లకు అడ్డుతలుపు, కిటికీలకు ఊచలు, డాబాకు పిట్టగోడ ఉండవలెను. శిశువును ఎత్తుబల్లపై, మంచపు అంచున ఒంటరిగా వదలరాదు. ఏడ్పు భరింపలేని క్షణమున బిడ్డను పండుకొనబెట్టి, మరియొకరిని పిలిచి, కొంతసేపు ఆవలికి పోవుట సిగ్గుపడవలసిన పని కాదు.

శస్త్రవైద్యుని చేతికి బిడ్డ చేరునప్పటికి చికిత్సలో సగము జరిగిపోయియుండును. పడినచోట తలను నిలిపినవాడు, లాగవద్దని అడ్డుపడిన ముసలమ్మ, దిండు తీసివేసిన పొరుగింటి ఆమె — ఆ సగము చేసినవారు వీరే. వారు నిలిపిన మెడకే మిగిలిన సగము, కట్టు గాని కత్తి గాని, ఫలించును.